పస్తు పెట్టిన బోల్టులు

మీరే. ఇంకెవరో కాదు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన మీరు, పెట్టమని తొందరచేసిన మీరు, పెడుతుంటే పక్కన నిలబడి పెన్ను మూత పట్టుకున్న మీరు. "ఢీకొనే చోట్లు: సున్నా" అని రాసుంటే, ఆ సున్నా ఎక్కణ్ణించి ఊడిపడిందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ముప్పై ఒక్క వేల ముక్కలున్న యంత్రంలో ఒక్కటి కూడా పక్కదానికి తగలడం లేదంటే, గీసినవాళ్ళు దేవుళ్ళన్నా అయ్యుండాలి, లోపల ఉండాల్సినవాళ్ళు లేకుండానన్నా పోయుండాలి. గీసినవాళ్ళు దేవుళ్ళు కారు. లేకుండా చేసింది మీరు. తిలాపాపం తలా పిడికెడు అని పంచేసుకుని చేతులు దులుపుకుందామంటే కుదరదు. ఎవరి పిడికిలి కోసం ఈ గొడవంతా అయిందో ముందు వినండి.

ఆ ఆఫీసు ఒక పాత మేడ మీద రెండో అంతస్తు. పొడుగు గది, తొమ్మిది కంప్యూటర్లు, తొమ్మిది కుర్చీలు, ఒక గోడంతా కిటికీలు. కిటికీలకి సన్న పలకల పరదాలు. ఆ సందుల్లోంచి ఎండ నేలమీద తిన్నటి గీతలు గీస్తుంది. పొద్దెక్కేకొద్దీ ఆ గీతలు బల్లల కాళ్ళెక్కి, మోచేతుల మీంచి పాకి, ఎవరూ చూడనప్పుడు గోడెక్కి చెరిగిపోతాయి. ఆ గదిలో ఎప్పుడూ రబ్బరు దుమ్మూ వేడెక్కిన ప్లాస్టిక్కూ కలిసిన వాసన. తొమ్మిది ఫ్యాన్లు బల్లల కింద సన్నగా మూలుగుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటివారం నిద్రొస్తుంది. తర్వాత అలవాటైపోయి, మేలుకునుండే కలలు కంటారు.

అక్కడ గీసేది సీసాలు కడిగే యంత్రాలు. ఇరవై రెండు మీటర్ల పొడవు. ఒక కొసన మురికి సీసాలు బారుగా ఎక్కుతాయి, గొలుసు మీద ఊరేగుతూ వేడినీళ్ళలో మునిగి, తేలి, మళ్ళీ మునిగి, రెండో కొసన తళతళలాడుతూ దిగుతాయి. పదకొండేళ్ళుగా వాటిని గీస్తోంది గనక ఆమె గీతలక్క. జీతం కాగితం మీద వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరగదు.

ఈ రోజుల్లో గీయడమంటే పెన్సిలు చెక్కుకోవడం కాదు. ఒక్కో ముక్కనీ కంప్యూటర్లో తయారుచేసి, ఒకదానికొకటి తగిలించి, యంత్రం మొత్తాన్నీ గాల్లో నిలబెడతారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, యంత్రం తయారుచేసే షాపుకి పంపే డ్రాయింగులు తీస్తారు. అలా నిలబడాలంటే యంత్రమంతా కంప్యూటర్ మెమరీలో పట్టాలి. మెమరీ అంటే ఏంటని చెల్లెలు ఒకసారి అడిగింది.

"బీరువాలో ఎన్ని బట్టలైనా కుక్కొచ్చు," అంది గీతలక్క. "ఇస్త్రీ చెయ్యాలంటే మాత్రం బల్ల మీద పరవాలి కదా. బీరువా డిస్కు. బల్ల మెమరీ."

"మరి మీ బల్ల ఎంతుంటుంది?"

"మాకిచ్చింది పీట."

ఆ పీట మీద ముప్పై ఒక్క వేల ముక్కలు పరవమంటే కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది? ఫైలు మీద నొక్కగానే తెర తెల్లగా అయిపోతుంది. ఆ తెలుపు ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి గంట. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా సగం బతుకు ఆ తెలుపు ముందే వెళ్ళదీశారు. పక్కసీటు వదిన ఊలు అల్లుతుంది. ఒక్క గేర్‌బాక్సు తెరుచుకునేలోగా చిన్న స్వెట్టర్ చేతులు రెండూ అయిపోయిన రోజులున్నాయి. ఇంకొకాయన కిటికీ దగ్గర నిలబడి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు లెక్కపెడతాడు.

గీతలక్క లోపలికి వెళ్తుంది. అదొక అలవాటు. తెర తెల్లబడగానే మంచులోకి దిగినట్టు దిగిపోతుంది. ముందు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో దూరంగా యంత్రం కాళ్ళు పైకొస్తాయి, ఏటి ఒడ్డున నిలబడ్డ పశువుల కాళ్ళలాగా. వాటి మీద దూలాలు వాలతాయి. తొట్లు చప్పుడు లేకుండా దిగి కూర్చుంటాయి. గొలుసు లంకె తర్వాత లంకె అల్లుకుంటూ ఆమె తలమీంచి పోతుంది. ఆమె ఆ దూలాల మధ్య నడుస్తూ రేకుల మీద చెయ్యి రాస్తుంది. రేకులు చల్లగా ఉంటాయి. ఉండవని ఆమెకి తెలుసు. అయినా ఉంటాయి.

ఇక పస్తు సంగతి.

మూడేళ్ళ కిందట, పెద్ద మెమరీ ఇప్పించమని గదిలో తొమ్మిదిమందీ కలిసి అడిగారు. డ్రాయింగుల మీద చివరి సంతకం పెట్టేది సంతకాల సార్. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఉన్నదాంట్లో సర్దుకోవాలమ్మా," అన్నాడు. సర్దుకునే దారి కూడా ఆయనే చెప్పాడు. బోల్టులు, నట్లు, వాషర్లు, క్లిప్పులు, ఇలాంటి చిల్లరమల్లర ముక్కల్ని నిద్రపుచ్చెయ్యండి. ఫైల్లో పేరుంటుంది, మెమరీలోకి రాదు. బరువు సగానికి సగం తగ్గిపోతుంది. పక్కసీటు వదిన దానికి పస్తు అని పేరుపెట్టింది. "ఫైలుకి పస్తు పెట్టావా?" "పస్తు పెట్టాకే తెరిచాను తల్లీ, లేకపోతే రేపటికి తెరుచుకునేది." అదే మాట గదంతా పాకిపోయింది.

మొదట్లో తిప్పి చూడ్డానికే పస్తు. చివరి చెకింగుకి ముందు అందర్నీ లేపేవాళ్ళు. తర్వాత లేపడానికి గంట పట్టడం మొదలైంది. తర్వాత లేపబోతే కంప్యూటరే పడిపోవడం మొదలైంది. గడువు నెత్తిమీద కూర్చుంది. ఎప్పుడు మానేశారో ఎవరికీ తెలీదు. పాత మాట మరిచిపోయినట్టు మెల్లగా మరిచిపోయారు. పస్తున్న యంత్రాన్నే చెక్ చేసి, పస్తున్న యంత్రాన్నే సంతకానికి పంపేస్తున్నారు. అలా చేస్తున్నామని కూడా ఎవరి మనసులోనూ లేదు.

గీతలక్క చెల్లెలు ఫిట్టరు. వీళ్ళు గీసిన యంత్రాలు నడిచే ఫ్యాక్టరీలోనే పని. అక్కడ ఆరుగురు ఫిట్టర్లున్నా, యంత్రం పొట్టలో చెయ్యి పెట్టాల్సొస్తే పిలుపు ఈమెకే. "చిన్న చెయ్యి నీదే కదా, నువ్వు దూర్చు." గొలుసు సాగినప్పుడల్లా దాన్ని బిగించే మర లోపల ఉంటుంది. రేకులో కోసిన ఒక కిటికీలోంచి చెయ్యి పెట్టి, స్పానర్‌తో తిప్పాలి. గొలుసు పూర్తిగా ఆగుంటే బిగువు తెలీదు. అందుకని ఒకడు మీట నొక్కి గొలుసును బెత్తెడు బెత్తెడు జరుపుతుంటాడు, ఈమె లోపల తిప్పుతుంటుంది. పాత యంత్రంలో అలా తిప్పుతుంటే కుడి బొటనవేలి గోరు ఊడొచ్చింది. ఇప్పటికి సగమే పెరిగింది.

కొత్త యంత్రం ఆ ఫ్యాక్టరీకే. ఒకటి కాదు, ఇరవై. కిటికీ గీసే పని గీతలక్కకి వచ్చింది. గీయబోయే ముందు ఒక సాయంత్రం వంటింటి బల్ల దగ్గర చెల్లెల్ని కూర్చోబెట్టి, సంచీలోంచి కొలిచే వెర్నియర్ తీసింది.

"గుప్పిట బిగించు."

"ఎవర్ని కొట్టాలి?"

"ముందు గ్లవ్ వేసుకో. స్పానర్ పట్టుకో."

"కంచం ముందు కూర్చోబెట్టి గ్లవ్ వేసుకోమంటావేంటక్కా! దర్జీ కూడా నన్నింత కొలవలేదు."

"కదలకు. నూట పన్నెండు మిల్లీమీటర్లు."

"ఎక్కువా, తక్కువా?"

"లావైపోయావు."

"చేతికి కూడా లావేంటి, నీ దిష్టే తగిలింది," అని నవ్వి, గ్లవ్ తీసి, ఆ సగం గోరు చూసుకుంది. నవ్వు ఆగిపోయింది. "అక్కా, చెయ్యి చాపి పెడితే ఎలాగో వెళ్తుంది. స్పానర్ పట్టుకున్నాకే గుప్పిట వెనక్కి రాదు. వదిలేస్తే స్పానర్ పోయి గొలుసులో పడుతుంది. వదల్లేను, తియ్యలేను. అవతలాడు మీట మీద చెయ్యేసి అటెటో చూస్తుంటాడు. ఈసారి కిటికీ చాలుతుందా?"

"చాలేలా గీస్తాను."

ఇచ్చిన మాట అది. దాని మీదే ఉంది ఈ కథంతా.

కిటికీ గీసి చెకింగుకి ఇచ్చిన మర్నాడు పొద్దున, ఆఫీసుకి రాగానే గీతలక్క కంప్యూటరు మీద కాగితం అతికించి ఉంది. సాయంత్రం నాలుగింటికి డ్రాయింగులు షాపుకి. పద్నాలుగు షీట్లు. చెకింగ్ అయిపోయింది. ఢీకొనే చోట్లు: సున్నా. కింద సంతకం.

ఆమె చెల్లెలి గుప్పిటంత దిమ్మె ఒకటి తయారుచేసింది. నూట పన్నెండు వెడల్పు, స్పానర్ తోక సహా. దానికి "చెల్లి" అని పేరు పెట్టి, యంత్రంలోకి దింపింది. కిటికీలోంచి లోపలికి తోసింది. దిమ్మె వెళ్ళింది. తిప్పింది. తిరిగింది. వెనక్కి లాగింది. వచ్చేసింది. లోపలి సందు నూట ఇరవై నాలుగు. పన్నెండు మిల్లీమీటర్లు మిగులు. ఖాళీ ఇంట్లో పిల్లి తిరిగినట్టు ఎక్కడా ఏదీ తగల్లేదు.

బాగుంది కదా అని మూసెయ్యబోయింది. ఏదో మనసుకి పట్టలేదు. మరీ హాయిగా ఉంది. ఏ యంత్రం పొట్టలోనూ అంత హాయి ఉండదు. తెర మీద వేలు పెట్టి దగ్గరికి తెచ్చుకుంది. గుప్పిట పక్కన, గొలుసుకి అడ్డంగా కట్టిన రేకులో, వరసగా ఆరు రంధ్రాలు. ఆ ఆరు రంధ్రాల్లోంచీ అవతలి వెలుతురు కనిపిస్తోంది.

చూస్తూ ఉండిపోయింది. ఆ వెలుతురు వెంట చూపు ఇంకా లోపలికి పోయింది. పోయినకొద్దీ రంధ్రాలే. దూలం దూలానికి అతికి ఉంది, పట్టినవాళ్ళు లేరు. తొట్టి గాల్లో వేలాడుతోంది, మోసేవాళ్ళు లేరు. మూత మూసి ఉంది, బిగించినవాళ్ళు లేరు. ఇరవై రెండు మీటర్ల ఇల్లు, ఎవరూ పట్టుకోకుండా, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ ఆ దూలాల మధ్య చెయ్యి రాసుకుంటూ తిరిగిందే, ఇది కనబడలేదేం? కలలో ఇంటికి తలుపుల్లేవని కలలో ఉన్నవాడికి తెలీదు కదా.

"వదినా," అంది గీతలక్క, తల తిప్పకుండా. "చెక్ చేసేటప్పుడు బోల్టులు లేపావా?"

పక్కసీటు వదిన ఊలు పక్కన పెట్టింది. "వాటిని లేపితే నా మిషను పడుకుంటుంది. ఎవరో ఒకరు పడుకోవాలి కదా."

"మరి సున్నా ఎలా వచ్చింది?"

"కంప్యూటర్ సున్నా అంది, నేను సున్నా అని రాశాను. ఉన్నవాళ్ళల్లో ఎవరూ ఎవరికీ తగల్లేదు. లేనివాళ్ళు తగిలారో లేదో నన్నడిగితే..." అని ఆగిపోయింది. కుర్చీ జరుపుకుని ఆ రంధ్రాల్లోకి చూసింది. "ఒసేయ్, మూడేళ్ళుగా అందరం అలాగే చేస్తున్నాం కదే."

"అలాగే చేస్తున్నాం."

ఆ ఆరు బోల్టుల్ని లేపితే చాలు. కానీ వాటిని విడిగా పెట్టలేదు ఎవరూ. రేకు పొడవునా ఒకే వరస కింద ఒకేసారి పరిచేశారు. ఒకదాన్ని లేపితే పద్దెనిమిది వందల నలభై లేస్తాయి. పైగా అమ్మినవాడి దగ్గర్నించి దించుకున్న బొమ్మలు అవి. ఒక్కో బోల్టు మీదా మర మెలిక మెలికనా చెక్కి ఉంది. చూసేవాడికి ముచ్చట, మోసేవాడికి చావు.

లేపింది. తొంభైరెండు శాతం దాకా వచ్చి తెర తెల్లబడి, నల్లబడి, ఆరిపోయింది.

చీర కొంగు బిగించి మొదలుపెట్టింది. తెర మీద తెరిచున్న మిగతా ఫైళ్ళన్నీ మూసింది. పద్నాలుగు షీట్లున్న ఒకే డ్రాయింగుని నాలుగు ఫైళ్ళుగా విడగొట్టింది. కోత వేసి చూపించే బొమ్మలు మెమరీని పీల్చేస్తాయి, వాటిని ఆపేసింది. తెరిచి మరిచిపోయినవి పట్టుకుని ఉంటుందని కంప్యూటర్ని ఆపి మళ్ళీ వెలిగించింది. లేపింది. తొంభైఅయిదు. ఆరిపోయింది. ఇంత తిండి ఎవరు తింటున్నారా అని బరువుల జాబితా తీసి చూస్తే కళ్ళు తిరిగాయి. ఒక మోటారు లోపల రాగితీగ చుట్లన్నీ చుట్టుకు చుట్టు గీసి ఉన్నాయి. బయటికి ఎన్నడూ కనబడవు. దాని మూత మీద తయారీదారు పేరు లోతుగా చెక్కి ఉంది. తలుపు గడియ లోపలి స్ప్రింగుకి పదమూడు మెలికలు. అవన్నీ ఉన్నాయి, మెలకువగా, బల్లంతా ఆక్రమించుకుని. చోటు చాలకపోతే బయటికి పొమ్మన్నది మాత్రం యంత్రాన్ని పట్టి నిలబెట్టేవాళ్ళని. ఎక్కడైనా ఇదే వరస కదా.

రాగితీగలు తీసెయ్యబోతే ఎర్రటి తాళం గుర్తు వచ్చింది. సంతకాల సార్ తాళం. అతిథులకి చూపించడానికి మోటారు అందంగా ఉండాలట.

మూడోసారి లేపింది. తొంభైఏడు. తెలుపు. ఆ తెలుపులో ఆమె కళ్ళు వాలాయి. ఆరు రంధ్రాల ముందు చెల్లెలు కూర్చుని ఉంది, మోచెయ్యి దాకా రేకులోకి దూర్చి, తల పక్కకి వాల్చి, ఎక్కడో పాట వింటున్నట్టు. "తగులుతోందా?" అని అడిగింది గీతలక్క. "ఏమో అక్కా, ఇక్కడ ఎవరూ లేరు," అంది చెల్లెలు. తెర ఆరిపోయింది.

కంప్యూటర్లు బాగుచేసే బాబాయ్ మెట్ల కింది గదిలో ఉంటాడు. చుట్టూ విప్పేసిన పెట్టెలు, మధ్యలో ఆయన. గీతలక్క గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, మెమరీ కావాలి."

"నాక్కూడా కావాలమ్మా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అరగంట నుంచి వెతుకుతున్నాను."

"నెత్తిమీద ఉంది. హాస్యం కాదు బాబాయ్. చెల్లి చెయ్యి."

ఆయన కళ్ళజోడు కిందికి దింపుకుని ఆమెని చూశాడు. ఆమె నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"చీటీలు ఏడు రాశాను మీ గది కోసం. ఎనిమిదోది రాద్దామంటే కాగితానికే సిగ్గేస్తోంది. ఉన్నది చెప్పనా? ఈ మేడలో ఒకటుంది. నీ దానికి ఎనిమిదింతల మెమరీ. పొద్దున్నించీ సాయంత్రం దాకా దానికి పనీపాటా లేదు."

"ఎక్కడ?"

ఆయన బొటనవేలితో ఆమె వెనకవైపు చూపించాడు. ముందుగది.

మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె. ముందుగదిలో చల్లటి రాతినేల, మెత్తటి సోఫాలు, గోడంత తెర. ఆ తెర మీద సీసాలు కడిగే యంత్రం, వెండిలా మెరుస్తూ, ఒక మబ్బు మీద నిలబడినట్టు, మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు చూసి ఆహా అనుకోవాలి. అంతే దాని ఉద్యోగం. పైన తొమ్మిదిమంది తెల్ల తెరల ముందు స్వెట్టర్లు అల్లుకుంటుంటే, కింద ఆ మహారాజు తిరుగుతున్నాడు, మూడేళ్ళుగా, ఒకే వైపు.

మధ్యాహ్నం ఒంటిగంట. సోఫాలో ఒక పెద్దావిడా ఒకాయనా కూర్చుని టీ తాగుతున్నారు. యంత్రాలు కొనే ఫ్యాక్టరీ తరపునుంచి వచ్చిన అతిథులు. గీతలక్క వాళ్ళకి నమస్కారం పెట్టి, బల్లకింద నుంచి కీబోర్డు లాగి, తిరిగే యంత్రాన్ని ఆపేసింది.

"ఏమ్మా, పాడైందా?" అన్నాడు ఆయన.

"లేదండీ. ఇప్పటిదాకా ఆడుకుంది. ఇప్పుడు పనిచేస్తుంది."

పైనుంచి ఫైలు తెచ్చుకుని, బోల్టులన్నీ లేవండి అని చెప్పి, నొక్కింది. గోడంతా తెల్లబడింది.

ఆ తెలుపు వేరు. అంత పెద్ద తెలుపు ఆమె ఎప్పుడూ చూళ్ళేదు. గదిలో వెలుతురంతా దాన్లోంచే వస్తున్నట్టుంది. పెద్దావిడ చేతిలో కప్పు, సోఫా అంచు, గీతలక్క గోళ్ళు, అన్నీ ఆ తెలుపులో మెత్తబడ్డాయి. కాళ్ళు వచ్చాయి. దూలాలు వచ్చాయి. ఎప్పటిలా. ఆమె లోపలికి నడిచింది. తొట్లు దిగాయి. గొలుసు తలమీంచి పోయింది. తర్వాత ఒక కొత్త చప్పుడు. చినుకులు మొదలైనట్టు. దూరంగా ఒకటి, రెండు, తర్వాత పది. బోల్టులు వస్తున్నాయి. ఎక్కడెక్కడినుంచో, ఎవరి రంధ్రం వాళ్ళు వెతుక్కుంటూ, తలొంచుకుని, ఆలస్యమైందని ఎవరూ తిట్టకపోతే చాలన్నట్టు. ఒక్కొక్కటీ దూరి, తిరిగి, బిగుసుకుంటోంది. వెలుతురు కనబడే రంధ్రాలు ఒకదాని వెనక ఒకటి మూసుకుపోతున్నాయి. వేలాడే తొట్టి బరువు దించుకుంది. ఊపిరి బిగబట్టిన ఇల్లు ఊపిరి వదిలింది. ఇరవై రెండు మీటర్ల పొడవునా ఆ నిట్టూర్పు పోయింది. గీతలక్కకి అది చెవులారా వినబడింది.

పదకొండు నిమిషాలు. వంద శాతం.

రేకు వెనకనుంచి ఆ ఆరు బోల్టులూ వచ్చేశాయి. ఒక్కోదాని కొస ఇరవై ఏడు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకొచ్చి ఉంది. నూట ఇరవై నాలుగులో ఇరవై ఏడు పోతే తొంభై ఏడు. గుప్పిట నూట పన్నెండు. ఆమె చెక్ నొక్కింది. గోడ మీద, మనిషంత ఎత్తున, గుప్పిట ఎర్రగా వెలిగింది. ఆరు చోట్ల. ఆరు బోల్టుల కొసలూ కణుపుల్లోకి దిగి ఉన్నాయి. రెండో పక్క గొలుసు.

యంత్రం మొత్తానికి లెక్క కింద వచ్చింది. ఢీకొనే చోట్లు: రెండువందల పద్నాలుగు.

పెద్దావిడ లేచి దగ్గరికొచ్చింది. ఆమె చేతులు బరకగా ఉన్నాయి, ఎప్పుడో పనిముట్లు పట్టిన చేతులు. "ఆ ఎరుపేంటమ్మా?"

"మా చెల్లి వేళ్ళండీ."

అప్పుడే మెట్లమీద బూట్ల చప్పుడు. సంతకాల సార్ దిగొచ్చాడు. వెనకాల పక్కసీటు వదిన, ఊలు ఉండ చేత్తో పట్టుకునే. సార్ తెర చూశాడు, అతిథుల్ని చూశాడు, నవ్వు ఒకటి తెచ్చి మొహానికి పెట్టుకున్నాడు.

"గీతలమ్మా, ఏంటిది? పైకి రా, మాట్లాడుకుందాం. గెస్టుల ముందు బావుండదు."

"పైన పట్టదు సార్. అందుకే కిందికొచ్చాను."

"ఇదంతా మామూలే. బోల్టులన్నాక ఒకటో అరో తగుల్తాయి. తర్వాతి రివిజన్లో సరిచేద్దాం."

"రివిజన్ కాగితానికి ఉంటుంది సార్. చేతికి ఉండదు."

"సార్, ఆ సున్నా నేను రాసిందే," అంది పక్కసీటు వదిన. ఊలు ఉండ బల్లమీద పెట్టింది. "పస్తు మోడల్ మీద రాశాను. మీకు తెలుసు. మీరే పెట్టమన్నారు."

గీతలక్క తెర మూలన గడియారం చూసింది. ఒంటిగంట ముప్పై అయిదు. "నాలుగింటి దాకా టైముంది. షీట్లు ఆపేద్దాం. కిటికీ పెంచి, బోల్టులు పొట్టివి వేసి, రేపటికల్లా నేనిస్తాను."

సార్ కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు. "కిటికీ రేకు ఫైలు పొద్దున్నే పంపేశాను," అన్నాడు, నేల చూస్తూ. "సున్నా వచ్చింది కదా అని. రేకులు కోసే కోతషాపులో భోజనాలయ్యాక రెండింటికి మొదలుపెడతారు. ఇరవై రేకులూ ఒకేసారి."

గోడ మీద ఎర్రటి గుప్పిట అలాగే వెలుగుతోంది. ఒక్క క్షణం గీతలక్కకి ఇదంతా ఆ తెలుపులో జరుగుతున్నట్టే అనిపించింది. కళ్ళు మూసి తెరిస్తే తన కుర్చీలో ఉంటుందని, తొంభైఏడు దగ్గర తెర ఆరిపోతుందని. మూసింది. తెరిచింది. రాతినేల చల్లగా అరికాళ్ళకి తగులుతోంది. గడియారం ఒంటిగంట ముప్పై ఏడు.

ఆమె బల్లమీద ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కోతషాపుకి చెయ్యండి సార్. ఇప్పుడే, ఇక్కడే, అందరూ వింటుండగా. కిటికీ రేకు ఆపమనండి. ఇరవైలో ఒక్కటి కూడా కోత మంట ముందుకి పోకూడదని మీ నోటితో మీరే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. తర్వాత ఈ మెమరీ పైకి రావాలి, ఇవ్వాళ, దీపాలార్పేలోగా, మా గదిలోకి. బాబాయ్ మోస్తాడు, మేమూ ఓ చెయ్యేస్తాం. బోల్టుల్ని లేపకుండా చేసిన చెకింగ్ ఎవరు తెచ్చినా సరే, నేను తెచ్చినా సరే, సంతకం పెట్టకండి. మూడేళ్ళలో అలా పెట్టినవన్నీ బయటికి తీయించండి, ఒక్కో యంత్రాన్నీ లేపి చూద్దాం. ఏ చెయ్యి ఎక్కడుందో మనకి తెలీదు. కానీ ముందు ఫోను సార్. నంబరు నొక్కండి."